అడుగుమంటే తవ్విండు

నారాయణపేటల గండయ్య ఇంట్ల, మగ్గం గుంటల, లంకెబిందెలు దొరికినయంటరు. ఒక బిందె నిండ బంగారమట, ఇంకో బిందె నిండ వెండి రూపాయలట, రెండిటి నడుమ గొలుసు ఎద్దును కట్టే పలుపంత లావట. కండ్లార చూసినోడు ఒక్కడు లేడు. చూసిన్నని చెప్పెటోడు మాత్రం వాడకు పదిమంది. మూత తీయంగనే వచ్చిన ఎలుగుకు పక్కింటి కోడి తెల్లారిందనుకొని మిట్ట మద్యాన్నం కూసిందట. కోడి సాక్ష్యం సుత ఉన్నంక అబద్ధమెట్లయితది?

సరే, బిందెల సంగతి దేవునికెరుక. గుంట తవ్విన మాట మాత్రం నిజం.

గండయ్య నాయిన కూసున్న మగ్గం మీదనే కూసున్నడు. గుంటల కాళ్ళు పెట్టి తొక్కుడు, చేతుల నూలు పోగు పారిచ్చే నాడె ఇసురుడు. నేతల వంక పెట్టెటోడు లేడు. నోటితోనే తిప్పలు. ఏమడిగినా ఒక్కటే మాట: "సూద్దాం."

బడిల పంతులు "ఆరో తరగతికి వస్తవారా?" అంటే సూద్దామన్నడు. పంతులు పేరు కొట్టేసిండు. నాయిన "కౌసల్యను చేసుకుంటవా?" అంటే సూద్దామన్నడు. పందిరేసిండ్రు. అయ్యగారు తాళి చేతికిస్తె సుత సూద్దామన్నడని చెప్పుకుంటరు గని, గంత ఉండదు.

"యముడొచ్చి నడువుమంటే సుత గదే అను. యాష్టకొచ్చి వాడే వాపసు పోతడు" అని కౌసల్య రోజు తిట్టేది.

తిట్టుడుకు అర్థమున్నది. నూలు షావుకారిది, లెక్క షావుకారిది, అంచు ఎట్ల ఉండాల్నో చెప్పెటోడు సుత షావుకారే. గదే ఎర్రంచు, గదే గోపురాల వరుస. ఊర్ల ఒక ఆడపిల్ల పుట్టి, పెద్దదై, తల్లయి, తన బిడ్డకు చీర కొనే కాలం దాకా గండయ్య గదే అంచు నేసిండు. కలలకొచ్చి గా గోపురాలు గుచ్చుతున్నయని అరిసి లేసెటోడు. ఎందుకు బతుకుతున్ననో ఎటు పోతున్ననో తెల్వక, అన్నం ముంగట కూసొని ముద్ద కలిపి కలిపి గట్కజేసి లేసి పోయెటోడు.

గట్లున్నప్పుడు, తొంభైల అటో ఇటో, కౌసల్య అన్న భిక్షం జడ్చర్ల నుంచి దిగిండు. ఆడ మందు గోలీల కంపెనీల పని జేస్తడు. ఇస్త్రీ అంగీ, చేతికి గడియారం.

"బావా, మా పెద్దసారుతోని మాట్లాడిన. గోలీలు డబ్బాలల్ల పెట్టుడే. నీడ పట్టున పని, నెల తిరిగితె జీతం. సోమారం పొద్దుగాల నాతోని బస్సెక్కాలె. ఎక్కకుంటె ఆ జాగ ఇంకొకనికి పోతది. వస్తవా, రావా?"

"సూద్దాం."

"నీ సూద్దాం సల్లగుండ! సోమారం దాటితె సూసుడు ఉండదు, ఏడ్సుడే ఉంటది."

ఇగ గండయ్యకు దిమాక్ ఖరాబయింది. పోతె మగ్గం పోతది. పోకుంటె గా ఎర్రంచుల చిక్కి సచ్చుడే. ఊరంత తిరిగి అడిగిండు. మంగలాయన పొమ్మన్నడు. షావుకారి వద్దన్నడు. అత్త పొమ్మన్నది. చింతచెట్టు కింద చుట్ట తాగే ముసలోడు పొయ్యి రమ్మని, రమ్మన్నంక మల్ల పొమ్మని చెప్పిండు. ఆఖరికి బర్రెనడిగితె అది తోక ఇసిరింది. తోక కుడికిసిరితె పొమ్మనా, ఉండుమనా అని అండ్ల సుత కొట్లాటే.

తిరిగి తిరిగి బస్టాండు కాడ బాబా మియా దుకాణం ముంగట కూలబడ్డడు. బాబా మియా సైకిల్ పంచర్లేస్తడు, పెద్దమనిషి, మంచోడు. ఇంట్ల ఉర్దూ, బయట తెలుగు. ఆ తెలుగుకే ఎవ్వడు పంచరెయ్యలే.

"మామా, పోవాల్నా, ఉండాల్నా? నువ్వన్న జెప్పు."

"అరె గండయ్యా, దునియాది అడుగుడు బంద్ జెయ్ రా. నీది అడుగు! నీది అడుగు జర. సబ్ అండ్లనే ఉన్నది!"

సాయబు చెప్పింది సక్కని మాట: నిన్ను నువ్వే అడుగు అని. కాని ఆయన తెలుగుల 'నిన్ను' అన్న మాట పుట్టలే, అన్నిటికీ 'నీది'నే. గండయ్య చెవులకు పడ్డది 'నీ అడుగు'. అడుగంటే కింద. 'నా కింద ఏమున్నది? పొద్దంత నేను కూసునేది మగ్గం మీద. మగ్గం కింద గుంట. అండ్లనే ఉన్నదట అంతా!' పోలీసు యాక్షను లొల్లిల పైసలున్నోళ్ళు సొమ్ము బొందపెట్టి పోయిండ్రని నాయిన చెప్పిన మాట యాదికొచ్చింది. సాయబు కాళ్ళకు మొక్కి ఉరికిండు. ఎందుకు మొక్కిండో తెల్వక బాబా మియా సైకిల్ ట్యూబు చేతుల పట్టుకొని అట్లనే సూసిండు.

ఐతారం కౌసల్య నీళ్ళకు పొయ్యొచ్చేటాళ్ళకు ఇంట్ల మట్టి కుప్ప. తొక్కుడు కట్టెలు ఒకదిక్కు, గడ్డపార ఒకదిక్కు. సగం నేసిన చీర మీద ఎర్రమట్టి. గుంటలకెళ్ళి గండయ్య తల్కాయ ఒక్కటే కనవడుతున్నది, గదీ కుండ బోర్లిచ్చినట్టు.

"ఓ అయ్యా! ఏం జేస్తున్నవ్? షావుకారి చీర మన్నయిపాయె!"

"నడుమల రాకు. నా అడుగుల ఉన్నదట. సాయబు జెప్పిండు."

"ఏమున్నది?"

"సొమ్ము."

కౌసల్య బిందె దించి, గట్టు మీద కూలబడ్డది. ఏడ్వాల్నో, గడ్డపార అందుకోవాల్నో తెల్వలే. గండయ్య తవ్వుడు ఆపలే. రాయి తగిలింది. రాయి తీస్తె ఇంకో రాయి. చేతులు బొబ్బలెక్కి, చెమట కండ్లల్ల పడి, ఆఖరికి గడ్డపార ఇసిరికొట్టి "థూ నీ యవ్వ!" అని గుంటనే తిట్టిండు.

"తిట్టు, తిట్టు. గుంట జవాబిస్తది" అన్నది కౌసల్య. "అయితె ఒక్క మాటడుగుత. దొరికిందే అనుకో. ఏం జేస్తవ్?"

"ఏం జేసుడేంది? ఇంకో మగ్గం పెడ్త. షావుకారి మొఖాన నూలు కొట్టి, నా నూలు నేను కొంట. నాకు నచ్చిన అంచు... ఆకుపచ్చ మీద పసుపు, మన చేన్ల సద్దకంకి లెక్క ఉంటది సూడు, గా తీరుగ..."

గక్కడ ఆగిండు. 

"మల్ల చెప్పు?" అన్నది కౌసల్య.

గండయ్య గుంటలనే కూసొని తనకు తనే అనుడు మొదలుపెట్టిండు. 'ఏమిరా గండయ్యా, బంగారం దొరికితె జడ్చర్ల పోతవా? పోను. మేడ కడ్తవా? కట్టను. మల్ల గీ మగ్గం మీదనే కూసుంటవా? కూసుంట. మరి ఇన్నొద్దులు దేని మీద కోపం రా నీకు? మగ్గం మీదనా? కాదు. అంచు మీద.' ఒక్కొక్కటి అడుగుతుంటె కోపమొచ్చింది తన మీద తనకే. గీ మాట తెల్సుకునేటందుకు గింత గుంటనా? గింత మట్టి ఎవడు నింపాలె?

ఆ మట్టి సుత సతాయించింది. నింపితె సగం గుంటకే సరిపాయె. అంత కుప్ప ఎటు పాయెనో! గండయ్య బండి మీద మట్టి తెప్పిచ్చి, తొక్కి, తిట్టి, మల్ల తొక్కిండు.

సోమారం భిక్షం సంచి పట్టుకొని వచ్చి గుమ్మంల నిలవడ్డడు.

"బావా, బస్సు టైమయింది."

"నేను రాను బావా."

పుట్టినప్పటి సంది సూద్దామన్న నోరు రానన్నది. భిక్షం గుడ్లు తేలేసిండు. మట్టి కొట్టుకున్న గుమ్మం దిక్కు సూసిండు, తవ్వి నింపిన గుంట దిక్కు సూసిండు, మట్టి మరకల చీర దిక్కు సూసిండు.

"ఏం దొరికిందిరా నీకు?"

"ఏం దొరకలే."

"దొరకకుంటె జీతమొద్దంటడా ఎవడన్నా?"

భిక్షం ఎక్కిన బస్సు మహబూబ్‌నగర్ చేరేటాళ్ళకు ముచ్చట్లల్ల రెండు బిందెలు పుట్టినయ్, జడ్చర్లల గొలుసు సుత కలిసింది.

పాడైన చీరకు షావుకారి ఊకోలే, కూలి కోసిండు. గండయ్య తన అంచుకు నూలు కూడవెట్టుకునేటందుకు యాడాది పట్టింది. నేసినంక గా చీర ఎవ్వరు కొనలే, "గిదేం అంచు, చేను లెక్కున్నది" అన్నరు. ఆఖరికి కౌసల్యనే కట్టుకొని సంతకు పోతె, ఆ సంతల ఇద్దరు ఆడోళ్ళు ఆపి ఎక్కడ కొన్నవని అడిగిండ్రు. సంత నుంచి వచ్చి ఆమె చెప్తుంటె గండయ్య నవ్వలే, "ఇద్దరేనా?" అన్నడు. గంత చిరాకు మనిషి.

ఇప్పుడు ఎవలన్న చాయ్ దుకాణం కాడ గీ ముచ్చట ఎత్తితె గండయ్య కప్పు కింద పెట్టి లేస్తడు.

"ఎవడు జెప్పిండ్రా మీకు? బిందెల్లేవు, గిందెల్లేవు. బాబా మియాతోని నేను పంచరు ముచ్చట తప్ప ఇంకోటి మాట్లాడలే. గుంట నేను తవ్వలే, ఎలుకలు తవ్వినయ్. నాతోని నేను మాట్లాడుకుంటనా? నాకేమన్న పిచ్చా? జడ్చర్ల ఎటు దిక్కున్నదో సుత నాకు తెల్వదు పో!"