నేల తగిలే చోటు

మాది మాచర్ల. నేను బోర్లు వేస్తాను. పల్నాడులో ఏ ఊళ్ళో ఎన్ని అడుగుల్లో నీళ్ళు పడతాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా పనిలో మాటలన్నీ అడుగుల్లోనే నడుస్తాయి. పెళ్ళి పందిట్లో పక్కన కూర్చున్నవాడు బాగున్నావా అని అడగడు, "మొన్న గురజాల కాడ ఎంతకి దిగావు?" అంటాడు. నాలుగొందలంటే పెదవి విరుస్తాడు. ఎనిమిదొందలంటే కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. నీళ్ళు పడ్డాయా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

అలాంటి నేను నలభై తొమ్మిదేళ్ళ వయసులో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. కోరిక నాది కాదు, మా ఆవిడది. నాలుగు కుటుంబాలం కలిసి అండమాన్ టూర్‌కి వెళ్ళినప్పుడు, వీపుకి సిలిండర్ కట్టి పావుగంట నీళ్ళలో తిప్పి తీసుకొస్తే ఆవిడ పైకి వచ్చి మూతి తుడుచుకుని, "ఇది నేను నేర్చుకుంటా" అంది. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో ఆవిడ నోట "నాకు కావాలి" అన్న మాట చీరల కొట్లో కూడా నేను వినలేదు. నూజెండ్ల దగ్గర పుట్టింట్లో వీపుకి మునగ బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్న మనిషి. నేను క్వారీ గుంటల్లో నేర్చుకున్నవాణ్ణి. ఈత ఇద్దరికీ వచ్చు కదా అని ఆ డిసెంబర్‌లో బోర్లు వేసే రిగ్గు బండిని మరమ్మతుకి వదిలి మళ్ళీ అండమాన్ వెళ్ళి కోర్సులో చేరాం.

నేర్పేవాళ్ళు అన్నిటికంటే గట్టిగా చెప్పిన నియమాలు రెండు. కొత్తవాళ్ళు పద్దెనిమిది మీటర్లు దాటకూడదు. జోడీని వదిలి పోకూడదు. నీళ్ళ కింద ప్రతివాడికీ ఒక జోడీ ఉంటాడు. ఒకరికి గాలి అయిపోతే రెండోవారి సిలిండర్‌లోంచి పీల్చుకోవాలి, అందుకని ఇద్దరూ చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉండాలి. నా జోడీ మా ఆవిడే.

ఆఖరి రోజు డైవ్‌లో చేతికి కట్టిన లోతు చూపే వాచీ పద్దెనిమిది మీటర్లు చూపించింది. మన లెక్కలో అరవై అడుగులు. నాకు నవ్వొచ్చింది. అరవై అడుగులంటే మా దగ్గర కేసింగ్ పైపు దించే లోతు, అసలు పని ఇంకా మొదలైనట్టే కాదు. బోరు దగ్గర నీళ్ళు పడకపోతే రైతు ప్రతిసారీ అనే మాటొకటుంది, "ఇంకో రాడ్డు దించన్నా" అని. రాడ్డు ఇరవై అడుగులుంటుంది. నా బుర్రలో ఆ రైతే మాట్లాడాడేమో, ఇంకో రాడ్డు దిగుదాం అనుకున్నాను. దిగాను. వాచీలో ఇరవై నాలుగు పడగానే వెనకనుంచి ఎవరో నా సిలిండర్ పట్టుకుని పైకి లాగారు. తలతిప్పితే మా శిక్షకుడు. అద్దంలోంచి ఆయన కళ్ళు చూస్తే, నోట్లో గొట్టం లేకపోతే ఎంతలేసి మాటలు అనేవాడో అర్థమైంది.

ఆ రెండు నిమిషాల్లో పైన మా ఆవిడ మాస్కులోకి నీళ్ళొచ్చాయి. జోడీ కోసం చూసుకుంటే జోడీ లేడు. నేర్పింది గుర్తు తెచ్చుకుని ఒక్కతే ఆ నీళ్ళని బయటికి ఊదేసుకుంది. ఈ సంగతి నాకు పడవ మీద వేరేవాళ్ళు చెప్పారు. మాచర్ల వచ్చేదాకా ఆవిడ నోట "టిఫిన్ తిన్నావా", "బ్యాగు ఎక్కించావా" తప్ప వేరే మాట లేదు. ఆ డైవ్ అయిన మర్నాడు అక్కడే నా ఒక్కడి చేత ఇంకోసారి బుద్ధిగా దిగించి గానీ శిక్షకుడు నాకు పద్దెనిమిది మీటర్లదాకా దిగొచ్చని రాసిన కార్డు ఇవ్వలేదు. ఆవిడకి ముందు రోజే ఇచ్చాడు.

ఇంటికొచ్చాక కార్డు చూడటానికి కారంపూడినుంచి మా బావమరిది వచ్చాడు. ఊళ్ళో పంచాయతీ రాజకీయాలన్నీ నెత్తినేసుకుని తిరిగే మనిషి, దేనికైనా ఒక తీర్పు చెప్పకుండా లేవడు. కార్డుని అటూ ఇటూ తిప్పి, "అరవై అడుగులకేనా బావా ఇది? దీనికి ఇమానం ఎక్కి పోవాల్నా? మా మిరప చేలో బావి దీనికంటే లోతు" అన్నాడు. నాకు ఎక్కడో కాలింది. "ఈసారి చూడు, సొరచేపలు తిరిగే చోటికి పోతున్నా. నూరడుగులు" అనేశాను. లోపల కాఫీ కలుపుతున్న మా ఆవిడ గరిటె చప్పుడు ఆగింది.

బావమరిది వెళ్ళాక నా ఎదురుగా కూర్చుని, "చోటు నేను చూస్తా" అంది.

"మాల్దీవులు అనుకుంటున్నానే. అక్కడ..."

"నువ్వేమీ అనుకోబాక. చోటు నేను చూస్తా. ఈసారి కూడా కుదరకపోతే కార్డు బీరువాలో పెట్టేస్తా, ఇంక సముద్రం మాటెత్తను."

నియమం తప్పానని కోపం, నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను. నాలుగు రోజులు కాదు, ఎండాకాలం మొత్తం పోయింది. మాకు ఎండాకాలం ఊపిరాడదు. కాలవకి నీళ్ళు వదిలి వానలు మొదలైతే బోర్లు అడిగేవాళ్ళుండరు, కాబట్టి మాకు ఖాళీ అంటే ఆగస్టే. ఆ ఆగస్టు మా ఆవిడకి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఆ నెలలో అండమాన్‌లో సముద్రం అల్లకల్లోలం, పడవలే సరిగా తిరగవు. లక్షద్వీపాల్లో అప్పటికి సీజన్ అయిపోతుంది. మాకు తెలిసిన రెండు చోట్లూ అలా పోయాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా రిగ్గుకి ఫోన్లు తీసేది మా ఆవిడే. రైతు ఫోన్ చేస్తే ఆవిడ వేసే ప్రశ్నలకి వాడికి చెమటలు పడతాయి. లారీ పోయే దోవ ఉందా, పైన కరెంటు తీగలున్నాయా, పక్క పొలంలో బోరు ఎంతలో పడింది, రాయి ఎక్కడ తగిలింది. అన్నీ తేలాకే బండి కదులుతుంది. చెప్పింది ఒకటి, అక్కడ ఉన్నది ఒకటి అయితే ఆ ఊరికి మళ్ళీ బండి పోదు. ఇప్పుడు అదే ఫోను, అదే నోటుబుక్కు పట్టుకుని ఆసియాలో ఉన్న డైవింగ్ కొట్లన్నిటి మీదా పడింది. ఇంగ్లీషు ఆవిడది అంతంతమాత్రం, అయినా ప్రశ్నలు తగ్గలేదు. నీటివాలు ఎంత లాగుద్ది? నీళ్ళ కింద ఎంత దూరం కనపడుద్ది? ఒక గైడుకి ఎంతమందిని అంటగడతారు? దిగటానికి తాడు ఉంటదా, ఊరికే దూకమంటారా?

మాల్దీవుల మీద మొదటిరోజే గీత పడింది. అక్కడ మంచి చోట్లు చాలామటుకు దీవుల మధ్య సందుల్లో ఉంటాయట, ప్రవాహం మనల్ని తీసుకుపోతుందట, కొత్తవాళ్ళకి పనికొచ్చే చోట్లు ఏరి చూపించాల్సిందేనట. "మనల్ని అది తీసకపోయేదేంది, మనమే పోవాల" అంది. బాలి పక్కనున్న ఒక దీవి దగ్గర నీళ్ళు కిందికి కూడా లాగుతాయని ఎవరో చెప్పారు. ఆ పేజీకి రెండు గీతలు పడ్డాయి. నేను సొరచేపల వీడియోలు చూపిస్తుంటే ఆవిడ ఫోన్ మీదినుంచి తలెత్తకుండానే, "అవి మనింటికి రావులే, నిమ్మళంగా చూసుకో" అనేది.

థాయిలాండ్ దగ్గర ఒక మెలిక పట్టుకుంది. ఆ దేశానికి రెండు వైపులా సముద్రమే. ఆగస్టులో పడమటి వైపు వానలూ గాలీ, తూర్పు వైపు మాత్రం నిమ్మళంగా ఉంటుంది. ఆ తూర్పు వైపు ఒక చిన్న దీవి ఉంది. దాని చుట్టూ కొత్తవాళ్ళకి నేర్పే చోట్లే ఎక్కువ. నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. చోటినుంచి చోటికి పడవలో అరగంట కూడా పట్టదు. వీటన్నిటినీ మించి, అక్కడ పనిచేసే శిక్షకుల్లో ఒక విశాఖపట్నం అమ్మాయి దొరికింది. ఇంక మా ఆవిడకి ఇంగ్లీషు బాధ తీరింది. రోజు మార్చి రోజు ఫోన్లు. ఆ అమ్మాయి ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చాను. వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపల ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతోంది. మామూలుగా రిగ్గు ఫోన్ అయితే వీధి చివరికి వినపడుతుంది. అప్పుడు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అమ్మా, నీకు చెప్పటానికి ఏంది గానీ, మా ఆయనకి లోతు పిచ్చి. మంచోడే, కావాలని చెయ్యడు. అది కనపడితే మనిషి ఆగలేడు. మొన్న నన్ను వదిలేసి పోయాడు. మాస్కులో నీళ్ళొచ్చి ఏమీ కనపడక, చెయ్యి చాపితే ఎవరూ లేరమ్మా. అప్పటినుంచి పడుకుంటే అదే గుర్తొస్తంది. నాకేమో దిగాలనే ఉంది. అందుకని కింద నేల తగిలే చోటు చూడు. నలభై అడుగుల్లో ఇసక తగిలిందనుకో, ఇంక కిందికి పోటానికి ఉండదుగా. ఆయన ఆగుతాడు. ఆయన ఆగితే నాకు బయం ఉండదు."

నాకు ముందు కోపమే వచ్చింది. నా సంగతి సముద్రాల అవతలున్న పిల్లకి చెప్తుందా అని. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో అలాగే నిలబడ్డాను. కాసేపటికి ఆ కోపం ఎటు పోయిందో తెలియదు, సిగ్గేసింది. ఏడు నెలలుగా ఆవిడది కోపం అనుకుంటున్నాను. అది భయం. దానికి కారణం నేను. చెప్పులు మళ్ళీ వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి, అప్పుడే వచ్చినట్టు దగ్గుకుంటూ ఇంట్లోకి వచ్చాను.

అన్నం తింటూ, "నువ్వు ఆ థాయిలాండే ఖాయం చెయ్యి, మాల్దీవులు వద్దులే" అన్నాను.

ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏందయ్యా, ఒంట్లో బాగుండలేదా?"

"బానే ఉన్నా."

"మరి ఎదురు చెప్పవేంది?" అని పప్పు ఇంకో గరిటె వేసింది.

ఆగస్టులో వెళ్ళాం. దీవిలో దిగేసరికి సముద్రం మా సాగర్ కాలవకంటే నెమ్మదిగా ఉంది. విశాఖ అమ్మాయి రేవులోనే ఎదురొచ్చింది. పాతికేళ్ళుంటాయి, మనిషి సన్నగా ఉంది. మా ఆవిణ్ణి పిన్నిగారూ అనీ, నన్ను బాబాయ్‌గారూ అనీ పిలిచింది, పిలుస్తూ నావైపు పోలీసు చూపు ఒకటి చూసింది. నాకు నవ్వాగలేదు.

మర్నాడు పొద్దున పడవ మీద ఆ అమ్మాయి మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "తాడు పట్టుకుని దిగుదాం. పన్నెండు మీటర్లలో ఇసక ఉంటుంది. తొందరేం లేదు. ఎవరి చెవులు నొప్పి పుట్టినా అక్కడే ఆగుదాం." మా ఆవిడ మాస్కు పట్టీ నాలుగుసార్లు బిగించి నాలుగుసార్లు వదులు చేసింది. నేను వంగి, "నేనుంటాలే" అన్నాను. వినపడిందో లేదో, నీళ్ళలోకి దూకేసింది.

కిందికి దిగాక నా కళ్ళు నేను నమ్మలేదు. పల్నాడులో వెయ్యి అడుగులు తవ్వినా మాకు కనపడేది బూడిదరంగు రాతిపిండి. ఇక్కడ నలభై అడుగుల్లోనే ఇన్ని రంగులున్నాయి. పళ్ళెమంత చేపలు పగడాల మీద పడి కరకరా కొరుకుతున్నాయి, ఆ చప్పుడు నీళ్ళలో చక్కగా వినపడుతోంది. తిరగలంత చేప ఒకటి ఇసక కప్పుకుని పడుకుంది, కళ్ళు మాత్రం బయట పెట్టింది. మా ఆవిడ నాకు దాన్ని చూపించబోయి, చెయ్యి ఊపిన ఊపుకి ఒక పల్టీ కొట్టింది.

అయితే మొదట్లో ఆవిడ నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూసేది. చేప చూడటం, నన్ను చూడటం. పగడం చూడటం, నన్ను చూడటం. తిరిగిన ప్రతిసారీ నేను చెయ్యెత్తి బొటనవేలూ చూపుడువేలూ కలిపి బాగున్నాను అని సైగ చేశాను. అలా ఎన్నిసార్లు చేశానో.

పెద్ద పగడపు గుట్ట ఒకటి దాటాం. దాని అవతల ఇసక ఉన్నట్టుండి వాలింది. ఏటవాలుగా కిందికి, ఇంకా కిందికి, నీలంలోకి దిగిపోతోంది. ఆవిడ అంత కష్టపడి వెతుక్కున్న నేల అక్కడ ఆగలేదు. వాచీలో పన్నెండు. ఆ వాలు చూస్తే పాతిక ఉంటుందో, ముప్ఫై ఉంటుందో. ఆ రైతు నా బుర్రలో మళ్ళీ గొంతు సవరించుకున్నాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. పక్కకి చూశాను. మా ఆవిడ నాకు రెండు మూరల దూరంలో, బొట్టంత చేపపిల్లల గుంపుకేసి మొహం పెట్టి ఊరికే తేలుతోంది. నేను ఆవిడ పక్కకి జరిగాను. నీళ్ళలో ఆవిడ వదిలిన గాలి బుడగలు నా మొహానికి తగులుతున్నాయి. ఎంతసేపటికీ నావైపు తిరగలేదు. నన్ను మర్చిపోయిందా ఏంటి అని కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా. చేపపిల్లలు కదిలితే కదిలింది, అవి ఆగితే ఆగింది. వెనక్కి చూడటం మాత్రం మానేసింది.

పైకి వచ్చి పడవెక్కాక సిలిండర్లు విప్పించుకుని, తువ్వాలు కప్పుకుని పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ మొహం మీద మాస్కు నొక్కుకున్న గీత ఎర్రగా ఉంది. నవ్వుతోంది. నా మనసులో మాట ఆగలేదు, వాకిట్లో విన్న సంగతి బయటపడుతుందని కూడా చూసుకోలేదు.

"ఏమే, నీ నేల ఆ గుట్ట కాడ అయిపోయింది. అవతలంతా దిగుడే. చూశావా?"

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"ఆ అమ్మాయి ఫోన్‌లోనే చెప్పింది. పిన్నిగారూ, సముద్రంలో నేల ఎక్కడా ఆగదు, కొంచెం అవతలకి పోతే దిగుతానే ఉంటది అని."

అంటే వాకిట్లో నిలబడి నేను విన్నది సగమే. మిగతా సగం వినకుండా వీధి చివరికి నడిచాను.

"తెలిసి కూడా వచ్చావా?"

ఆవిడ జుట్టులో నీళ్ళు పిండుకుంది. "నేల నిన్ను ఆపదని తేలిపోయింది గదా. నువ్వు ఆగుతావో లేదో చూసుకుందామని వచ్చా" అంది.

నేను తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాను. మొహం మీద ఉప్పునీళ్ళు చాలానే ఉన్నాయి.

విశాఖ అమ్మాయి మర్నాటి పడవలు ఏ చోట్లకి పోతాయో రాసిన పలక పట్టుకొచ్చి మా ముందు పెట్టింది. మా ఆవిడ దాన్ని నావైపు తోసి, "రేపటిది నువ్వు చూడు. లోతున్నదైనా సరే" అంది.

పలక మీద నాలుగు పేర్లున్నాయి, వాటి పక్కన మీటర్లున్నాయి. నేను చదవలేదు. "మళ్ళీ ఇక్కడికే పోదాం" అన్నాను.