నాయిన ఆడిన బస్సు ఆట

నాయిన గుండెకు స్టెంట్ వేసిన తర్వాత నాకు ప్రతిదానికీ భయమే. బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు ఆగిపోతే భయం. మధ్యాహ్నం పడుకున్నప్పుడు గురక వినపడకపోతే భయం. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన మీర్‌పేట్‌లో మా దగ్గరే ఉంటున్నాడు. ఉద్యోగమంతా నల్గొండ రూట్లలో బస్సు నడిపిన మనిషి. దూరపు చూపు మందగించిందని డాక్టరు చెప్పాక స్కూటర్ తాళం చెవి కూడా నేనే దాచేశాను. అప్పటి నుంచి ఫ్యాన్ కింద కూర్చుని రిమోట్ నొక్కుతూ ఛానళ్ళు మారుస్తుండేవాడు, ఏదీ చూసేవాడు కాదు.

ఒకరోజు నేను ఆఫీసు పని ముగించి కంప్యూటర్ ఆపబోతుంటే వెనక నిలబడి అడిగాడు.

"బిడ్డా, నువ్వు డిగ్రీ సదివేటప్పుడు ఒక కార్ల ఆట ఉండె గద. గది ఇంకున్నదా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. స్టెంట్ వేశాక ఆయన నోరు తెరిచి ఫలానాది కావాలని అడగడం అదే మొదలు. ఆ ఆట సీడీ అటక మీది సామాన్లలో దొరికింది. ఇప్పటి కంప్యూటర్‌కు సీడీ పెట్టే చోటే లేదు. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి బయట తగిలించే డ్రైవ్ ఒకటి కొనుక్కొచ్చాను. ఆట ఎక్కింది గానీ తెర నల్లబడి ఊరుకుంది. ఇది పాత విండోసే అని ఆట అనుకునేలా సెట్టింగ్ మారిస్తే తెరుచుకుంది, కానీ కారు వదిలిన బాణంలా దూసుకుపోయి మొదటి మలుపులోనే గోడకు కొట్టుకుంది. అప్పట్లో కంప్యూటర్ ఎంత వేగంగా నడిస్తే ఆట అంత వేగంగా నడిచేలా రాసేవారట. నాలాంటి పిచ్చివాళ్ళు ఆ వేగానికి కళ్ళెం వేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి నెట్‌లో పెట్టారు. అది వేశాక ఆట దారికొచ్చింది. పెద్ద మానిటర్ మధ్యలో చతురస్రంగా, రెండు పక్కలా నల్లటి పట్టీలతో.

నాయిన రోజూ ఆడాడు. గుద్దితే కారు బొంగరంలా తిరిగి మళ్ళీ లేచి నిలబడుతుంది. అట్లా తిరిగిన ప్రతిసారీ పెద్దగా నవ్వేవాడు. ఆ నవ్వు వంటింట్లోకి వినపడుతుంటే నేను నిశ్చింతగా కూరగాయలు తరుక్కునేదాన్ని.

అంతటితో ఆగితే బాగుండేది. మా ఆయన ఉత్సాహపడ్డాడు. ఆయనది తెనాలి వైపు, మామగారంటే గురి. "డ్రైవర్‌గారికి కార్ల ఆటేంటి, బస్సు ఆట ఉంది, అచ్చం నిజం బస్సే" అని స్టీరింగూ, కాలితో తొక్కే పెడళ్ళూ తెప్పించాడు. కొత్త ఆట మొదట మా కంప్యూటర్‌కు మింగుడు పడలేదు. బొమ్మ ఆగి ఆగి కదిలేది, ఫ్యాను రొద పెట్టేది. నీడలూ అద్దాల మెరుపులూ తగ్గించాక నీళ్ళ మీద పడవలా సాఫీగా నడిచింది. స్టాపులో మనుషులు ఎక్కుతారు, దిగుతారు. గుంట వస్తే చేతిలో స్టీరింగ్ అదురుతుంది. నాయిన దాన్ని పట్టుకోగానే వెన్ను నిటారుగా పెట్టాడు. మొహంలో ఏదో మారింది. సంతోషమనుకున్నాను.

ఒక ఆదివారం ఆటలో వాన మొదలైంది. వైపర్లు ఆడుతున్నాయి. నేను పక్కనే మంచం మీద బట్టలు మడత పెడుతున్నాను. ఎవరో ఒక ఆకారం, గొడుగు కూడా లేకుండా, బస్సుకు అడ్డంగా వచ్చింది. నాయిన బ్రేకు తొక్కాడు. బస్సు జారింది, ఆగింది. తెర మీద జరిమానా అని అక్షరాలు వచ్చాయి. అంతే. నేను నవ్వబోయాను.

నాయిన కదలలేదు. రెండు చేతులూ స్టీరింగ్‌కు అతుక్కుపోయాయి. ముఖం బూడిద రంగుకు తిరిగింది, చెవుల పక్క నుంచి చెమట కారుతోంది.

"నాయినా! ఏమైంది నాయినా? స్టీరింగ్ ఇడువు."

"దిగి చూడున్రి," అన్నాడు. గొంతు ఆయనది కాదు. "జర ఎవరన్న దిగి చూడున్రి."

స్టీరింగ్ మీది ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీస్తుంటే మంచుముక్కల్లా తగిలాయి. ఇంకో చేత్తో ఆయన రొమ్ము మీద తడిమాను. లోపల గుండె దబదబా కొట్టుకుంటోంది. స్టెంట్ మూసుకుపోయిందనే అనుకున్నాను. నేను కేకేస్తే మా ఆయన పరిగెత్తుకొచ్చాడు.

"కంగారు పడకు, నేను కారు తీస్తాను. మామయ్యగారూ, నా భుజం పట్టుకోండి."

ఎల్బీనగర్ దవాఖానకు ఎప్పుడూ పోయే దారే, ఆ రోజు ఎంతకీ తెగలేదు. ముందు షేర్ ఆటో, దాని ముందు సిటీ బస్సు. వెనక సీట్లో నాయిన తల నా భుజం మీద పెట్టుకుని ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. కానీ మా ఆయన కారు ఆపిన ప్రతిసారీ నాయిన కుడికాలు కింద మ్యాట్‌ను గట్టిగా తొక్కుతోంది. అది చూశాక నా భయం ఇంకో రకంగా మారింది. ఈ మనిషి నా పక్కన లేడు, ఇంకా ఆ వానలోనే ఉన్నాడు.

ఈసీజీ తీశారు, రక్తం తీసుకున్నారు, చాలాసేపు కూర్చోబెట్టారు. చివరికి డాక్టరమ్మ వచ్చి గుండెకేమీ కాలేదంది. "దేనికో బాగా భయపడ్డారు. ఏం చూశారు?" అని అడిగింది. బస్సు ఆట అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆమె వెళ్ళాక, మంచం మీద పడుకునే, పైకప్పు చూస్తూ నాయిన చెప్పాడు.

"నల్గొండ రూట్ల, చౌటుప్పల్ దాటినంక, వాన. ఒకామె పిల్లను సంకనేసుకోని అవతలి బస్సు కోసం ఉరికింది. బ్రేకు పట్టిన. ఆమె ముందటి అద్దంల నుంచి మాయమైంది. బస్సు కిందికి పోయిందనుకున్న. దిగుదామంటె కాళ్ళు రాలే. కండక్టర్‌ను దిగి చూడమన్న."

"మరి ఆమె?"

"బంపర్ పట్టుకోని నిలవడ్డది. పిల్ల నవ్వుతున్నదట. నన్ను తిట్టుకుంట పోయింది."

"గింత జరిగితే మాకెన్నడు చెప్పలేదేంది నాయినా?"

"ఏమన్న అయితే చెప్తరు. ఏం కానిదాన్ని ఏమని చెప్తరు బిడ్డా? తెల్లారి మల్ల గదే రూటు. రిటైరైందాంక వానొస్తె ఆమె కనవడేది."

నాకు గుర్తుంది. వానాకాలం డ్యూటీ నుంచి వచ్చి మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అలసిపోయాడనుకునేవాళ్ళం.

ఇంటికొచ్చాక స్టీరింగ్ తీసి బీరువా మీద పెట్టేశాను. మళ్ళీ కార్ల ఆట పెట్టిచ్చాను. ఆడాడు గానీ నవ్వలేదు. కొన్నాళ్ళకు బస్సు ఆట పెట్టమన్నాడు. వద్దన్నాను, బతిమాలాను. వినలేదు. చివరికి ఒక ఉపాయం చేశాను. స్టీరింగ్ మళ్ళీ దించి తగిలించి, సెట్టింగుల్లోకి వెళ్ళి వాన తీసేశాను, దారిన నడిచే మనుషుల్ని తీసేశాను, స్టాపుల్ని కూడా ఖాళీ చేశాను.

రెండు మలుపులు నడిపి నాయిన బస్సు ఆపాడు.

"రోడ్డు మీద మనుషులేరి?"

"నేనే తీసేసిన నాయినా."

"మనుషులు లేకుంటె బస్సెందుకే పిచ్చిదానా? ఎక్కేదెవరు?"

మనుషుల్ని మళ్ళీ పెట్టాను. వాన మాత్రం పెట్టలేదు, ఆయనా అడగలేదు. మొదటి స్టాపు దగ్గర తలుపు తెరిచి, అందరూ ఎక్కేదాకా ఆగి, అద్దాలు చూసుకుని కదిలాడు. ఎదురుగా ఎవరో రోడ్డు దాటుతుంటే చాలా ముందే వేగం తగ్గించాడు. వాళ్ళు అవతలి ఫుట్‌పాత్ ఎక్కాక కూడా కదలకుండా ఉన్నాడు. వెనక ఆటలోని కార్లు హారన్లు కొడుతున్నాయి.

"కొట్టుకోనీ," అన్నాడు.

ఆయన తెర చూస్తున్నాడు, నేను ఆయన చేతులు చూస్తున్నాను. ఇప్పుడూ అంతే. ఆయన బస్సు తీశాడంటే పనులన్నీ వదిలేసి పక్కన కూర్చుంటాను.