డీ డ్రైవ్‌లో దాచిన పెళ్లిళ్లు

2007లో హైదరాబాద్ శివార్లలోని ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర నాకొక కంప్యూటర్ రిపేరు షాపు ఉండేది. మాది కృష్ణా జిల్లా. పెళ్లయ్యాక బడంగ్‌పేట్‌లో స్థిరపడి, రోజూ బస్సులో వచ్చి షట్టర్ ఎత్తేదాన్ని. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. జనం చేతిలో డబ్బు ఆడుతుండటంతో పెళ్లిళ్లు ఘనంగా జరిగేవి, ఫొటో స్టూడియోలకు తీరిక ఉండేది కాదు. రీళ్లు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చాయి కాబట్టి ఒక సీజన్ పెళ్లిళ్లన్నీ ఒకే కంప్యూటర్‌లో చేరేవి.

అలాంటి స్టూడియో నడిపే నర్సింహ ఒక ఉదయం సీపీయూను ఎత్తుకొచ్చి బల్ల మీద దించాడు. వెనక్కి తిరిగి వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"బాగు చేసుడు తర్వాత అక్కా. ముందు గిది చెప్పు. గిండ్లకెల్లి పెండ్లి ఫొటోలు ఎవరు తీసేసిండ్రో తెలుస్తదా?"

"ఎవరో తీసేశారని ఎందుకనుకుంటున్నారన్నా?"

"సీ డ్రైవ్‌ల ఉన్నయ్. ఫికర్ లేకుంట డీ డ్రైవ్‌ల ఇంకో కాపీ పెట్టిన. ఒకటి పోతే ఖరాబైందనుకుంట. రెండూ ఒక్కసారే ఎట్ల పోతయ్? వాడే చేసిండు."

వాడంటే ప్రభాకర్, నర్సింహ భార్య తమ్ముడు. ఇద్దరూ ఏళ్లుగా కలిసి పనిచేశారు. ఇప్పుడతను హయత్‌నగర్‌లో సొంతంగా స్టూడియో పెట్టుకుంటున్నాడు. ఆ గొడవతో ఇంట్లో మాటలు కూడా బందయ్యాయట.

కరెంటు ఇచ్చి చూశాను. డిస్క్ లోంచి టక్ టక్‌మని చప్పుడు. తెర మీద దాని పేరే రావడం లేదు. హార్డ్ డిస్క్ చచ్చిపోయేటప్పుడు ఇలాగే ఉంటుంది. సీ, డీ అనేవి రెండు డిస్కులు కావని, ఒకే డిస్క్‌ను రెండు గదులుగా విడగొట్టిన పార్టిషన్లని, డిస్క్ పోతే రెండూ పోతాయని చెప్పాను. నర్సింహ నా ముఖంలోకి అదోలా చూశాడు.

"వాడేమన్న నీ దగ్గరికి వచ్చిపోయిండా?"

నాకు కోపం వచ్చింది. అయినా నా మనసూ తేటగా లేదు. సీపీయూ కేబినెట్ స్క్రూల మీద గీతలు కొత్తగా ఉన్నాయి. ఈమధ్యే ఎవరో విప్పారు.

డిస్క్‌ను సిటీలోని రికవరీ ల్యాబ్‌కు పంపించాను. పోయిన ఫైళ్లను దుమ్ము చొరబడని గదిలో డిస్క్ విప్పి వెతికే చోటది. నర్సింహ తానే తీసుకెళ్లి, గుమ్మం ముందే కూర్చున్నాడట. డిస్క్ లోపల ఫైళ్లుండే పళ్లాలు గీరుకుపోయాయి, ఏమీ రాదని వాళ్లు చెప్పేశారు. కెమెరా కార్డులు ఎప్పుడో చెరిపి తర్వాతి పెళ్లిళ్లకు వాడేశారు. మహేశ్వరంలో ఒక పెళ్లికూతురి తండ్రి అయితే ఆల్బమ్ కోసం వచ్చి, "మళ్ల పెండ్లి చెయ్యమంటవా?" అని కాలర్ పట్టుకున్నాడట.

ఆ వారంలోనే ప్రభాకర్ నా షాపుకు వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే, గొంతు తగ్గించి, "బావ నా పేరు చెప్పిండా?" అన్నాడు.

"కేబినెట్ విప్పింది మీరేనా?"

"అవ్. ఆన్ చేస్తే చప్పుడొస్తుండె. దుమ్మేమోనని విప్పి ఊడ్చిన. బావకు చెప్తే ఫ్యాన్ చప్పుడన్నడు."

సగమే నమ్మాను. ఏ తప్పూ చేయనివాడు ఇలా గుసగుసలాడడమెందుకు? అతను సంచిలోంచి నాలుగైదు డీవీడీలు తీసి నా ముందు పెట్టాడు.

"మహేశ్వరం పెండ్లి వీటిల్ల ఉన్నది. పూరా లేదు. మంచియి ఏరి ఎక్కించుకున్న, కొత్త స్టూడియోల గిరాకీకి చూపిద్దామని. బావకు తెల్వది. డిస్క్‌ల దొరికినయని నువ్వే చెప్పు అక్కా, నా పేరు తియ్యకు."

చచ్చిన డిస్క్ లోంచి ఎలా దొరికాయని నర్సింహ అడగకుండా ఉంటాడా? అసలే నన్నూ అనుమానిస్తున్నాడు. "అబద్ధం నేను చెప్పను. మీ చేత్తో మీరే ఇవ్వండి" అన్నాను. చివరికి ప్రభాకరే బావకు ఫోన్ చేశాడు.

నర్సింహ వచ్చి నా కంప్యూటర్‌లో ఒక్కో ఫొటో చూశాడు. తాళి కట్టేది ఉంది, అప్పగింతలు ఉన్నాయి. చుట్టాలు సగానికి సగం లేరు.

"దొంగతనంగ తీస్కున్నవ్."

"తీస్కున్న."

"అడిగితే ఇయ్యకపోతునా?"

"ఇస్తుంటివా బావా?"

నర్సింహ మౌస్ నొక్కి తర్వాతి ఫొటోకు వెళ్లాడు. ఆఖరి ఫొటో దగ్గర ఆగి, "గివన్నీ నువ్వు తీసినయే కద" అన్నాడు.

మహేశ్వరం వాళ్లు పల్చటి ఆల్బమ్‌ను తిట్టుకుంటూనే తీసుకున్నారు. ఒక్క ఫొటో కూడా మిగలని ఇళ్లకు నర్సింహ స్వయంగా వెళ్లి చేతులు పట్టుకున్నాడు. ప్రభాకర్ తోడు వెళ్లలేదు.

కొన్ని నెలలకు నర్సింహ ఎక్స్‌టర్నల్ డిస్క్, అంటే విడిగా చేత పట్టుకుపోయే డిస్క్, కొని తెచ్చి పాస్‌వర్డ్ పెట్టమన్నాడు. కాపీని షాపుకు దూరంగా ఉంచమని నేనే చెప్పి ఉన్నాను.

"ఎక్కడ ఉంచుతున్నారన్నా?"

"హయత్‌నగర్‌ల. వాని దుకాణంల. వాని డిస్క్ నా దగ్గర ఉంటది."

"అయితే నమ్మకం కుదిరిందన్నమాట."

"నమ్మితే తాళమెందుకు ఎయ్యమంటనక్కా?"

బ్యాకప్‌కు కావలసింది వేరే డిస్క్, వేరే చోటు. నమ్మకం కుదిరేదాకా ఆగితే ఏ కాపీ మిగలదని ఆ ఇద్దరి వల్లే తెలిసింది. మర్నాడు ప్రభాకర్ కూడా తన డిస్క్ పట్టుకొచ్చాడు. రెండింటికీ పాస్‌వర్డ్ పెట్టింది నేనే. ఒకరిది ఒకరికి చెప్పలేదు.