కొట్లాడితే గానీ పన్ను పీకని డాక్టరమ్మ

పేషెంటుతో ఓ విడత కొట్లాట అయితే గానీ డాక్టర్ మదీహా పన్ను ముట్టుకోదు. సంగారెడ్డిలో పుట్టి పెరిగిన మనిషి. వయసు యాభై దాటింది, ఎత్తు మాత్రం అయిదడుగులకు లోపే ఆగిపోయింది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక, బస్సు మొహం చూడని పల్లెలకు పళ్ల వైద్యం వ్యాన్ వేసుకుని తిరుగుతుంది. ఊళ్లో దిగగానే ముందు టీ కొట్టు దగ్గర కూర్చుని ఆ ఊరి కబుర్లన్నీ ఆరా తీస్తుంది. ఆ తర్వాతే తగాదాలు.

పాపం, డ్రైవర్ జైపాల్‌ది ఎవరినీ నొప్పించలేని స్వభావం. హారన్ కొట్టాల్సి వచ్చినా ముందు మనసులో క్షమాపణ చెప్పుకునే రకం. అలాంటివాడికి ఈ ఉద్యోగం తగిలింది. ఆమె తిట్టుకుంటూ పోతుంటే వెనకాలే ఇతను బతిమాలుకుంటూ పోవాలి.

రుద్రారం దగ్గర ఒక రైతును కుర్చీలో కూర్చోబెట్టి, నీ ఎడ్లను చూసి మేకలనుకున్నానంది. ఆయన గయ్యిమని నోరు తెరిచాడు, మత్తుసూది పడింది. ఎడ్ల సంగతి తేలేలోపు పన్ను గిన్నెలో ఉంది. ఇంద్రేశంలో మేస్త్రీ బాలప్పతో, నువ్వు కట్టిన గోడ మీద పిట్ట వాలినా ఊగుతుందట కదా అంది. ఊడిన పన్ను సంగతి మరిచిపోయి, గోడ చూపిస్తా రమ్మని బాలప్ప వ్యాన్‌కు అడ్డం నిలబడ్డాడు. జైపాల్ దిగి, ఆ గోడను చేత్తో తడిమి, మెచ్చుకుని వస్తే గానీ బండి కదల్లేదు.

ఇలా సాగుతుండగా ఎర్రకుంటపల్లి మాజీ సర్పంచ్ పెద్దరాములు జైపాల్‌కు ఫోన్ చేశాడు. వాళ్లమ్మ పోశమ్మకు దవడ వాచి గంజి కూడా దిగడం లేదు. పట్నం డాక్టర్ల కుర్చీల్లోంచి లేచి పారిపోయి వచ్చిందట. చీము పట్టింది, ఆ పన్ను తీయకపోతే ప్రాణం మీదికొచ్చేలా ఉంది.

"తీస్కరా డాక్టరమ్మను. గానీ మా అవ్వను ఒక్క మాటన్నా ఊకోను. ఇగ మీ బండి ఈ దిక్కు రాదు, సుట్టుపక్కల ఊళ్లకు గూడ రానియ్య" అన్నాడు పెద్దరాములు. అన్నంత పనీ చేసే మనిషి.

జైపాల్ దారి పొడుగునా ఆమె కాళ్లావేళ్లా పడ్డాడు. ఈ ఒక్కరోజు తియ్యగా మాట్లాడతానని డాక్టర్ మదీహా మాటిచ్చింది.

మాట తప్పలేదు కూడా. పోశమ్మ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, ఏం కాదమ్మా, భయపడకండమ్మా అంటూ గుసగుసగా మొదలుపెట్టింది. బయట వరుసలో నిలబడ్డవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డాక్టరమ్మ నోటి సంగతి వాళ్లందరికీ తెలుసు. అందరినీ దులిపేసే మనిషి ఇంత మెత్తగా మాట్లాడుతోందంటే ముసలామెకు పెద్ద రోగమే వచ్చి ఉంటుందని వరుసలో ముందున్న ముత్యమ్మ ముక్కు చీదింది. వరుస సగం ఖాళీ అయింది. అదంతా లోపల పోశమ్మ చెవిన పడింది. తను పోతే మేకల్ని ఎవరు కాస్తారని కొడుకును అడుగుతూ, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుర్చీ దిగింది.

డాక్టర్ మదీహా జైపాల్ వైపు తిరిగింది. ఆమె మొహం అంత చిన్నబోవడం అతను ఎన్నడూ చూడలేదు.

"భయపడకు అంటే భయం ఇంకింత పెరుగుతది జైపాల్. కోపమొచ్చినోళ్లకు భయం యాదికుండది. నా దగ్గరున్న మందు గదొక్కటే. దాన్ని నువ్వు బంద్ చేయించినవ్."

జైపాల్‌కు అప్పుడు వెలిగింది. ఆ రైతుకు ఎడ్లంటే ప్రాణం. బాలప్పకు తన గోడలంటే ప్రాణం. ఎవరు దేన్ని తలుచుకుని ఛాతీ విరుచుకుంటారో టీ కొట్టు దగ్గర కనుక్కుని, సరిగ్గా దాన్నే తిట్టేదన్నమాట. ఇన్నాళ్లూ తను క్షమాపణలు చెప్పింది వైద్యానికా అని సిగ్గుపడ్డాడు.

పోశమ్మ అప్పటికే వ్యాన్ మెట్టు మీద ఉంది. ఆమె జొన్నరొట్టెల గొప్ప ఈ ఊరి టీ కొట్టు దగ్గర అతనూ విన్నాడు. జైపాల్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"పోశమ్మవ్వా, నీ జొన్నరొట్టె కొరికితే పండ్లూడుతయంట గదా."

పోశమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. కొంగు నోటి మీంచి నడుముకు చేరింది.

"ఎవడన్నడ్రా?"

"నేనే అన్న" అంది డాక్టర్ మదీహా, ప్రాణం లేచొచ్చి. "నీ కోడలు చేసిన రొట్టెలే నయమంట."

అంతే. నిలబడి తిట్టడానికి ఓపిక చాలక పోశమ్మ మళ్లీ వచ్చి కుర్చీలోనే కూర్చుంది. బోసినోటి పసిపిల్లలు కూడా తన రొట్టె తింటారని నోరంతా తెరిచి చెప్పింది. సూది పడ్డా ఆగలేదు. నాలుక మొద్దుబారినా, కోడలి రొట్టెల గురించి చెప్పాల్సింది చెబుతూనే ఉంది. పన్ను బయటికొచ్చాక, చీము పోయిన దవడ తడుముకుని, ఇంకా మిగిలిన తిట్లు రొట్టెలు చేసి పెట్టి మరీ తిడతానంది.

గుమ్మంలో పెద్దరాములు అంతా చూస్తూ నిలబడ్డాడు. జైపాల్ అలవాటు కొద్దీ చేతులు జోడించి ముందుకెళ్లాడు. పెద్దరాములు అతన్ని పక్కకు జరిపి, లోపలికొచ్చి, తనే కుర్చీలో కూర్చున్నాడు. ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పుచ్చిపన్ను ఒకటి ఆయనకూ ఉంది.

"రండి రాములుగారు, ఏం భయం లేదండి" అంది డాక్టర్ మదీహా, జైపాల్‌కిచ్చిన మాట మళ్లీ గుర్తొచ్చి.

పెద్దరాములు మొహం పాలిపోయింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"గట్ల మర్యాద చెయ్యకు డాక్టరమ్మా, గుండె ఆగేటట్టున్నది. జెర నన్ను గూడ తిట్టు."

ఆయన సర్పంచ్‌గా ఉండి వేయించిన సిమెంటు రోడ్డు గురించి డాక్టర్ మదీహా నోరు విప్పింది. పెద్దరాములు అంతకంటే పెద్దగా విప్పాడు.