వరండాలో జవాబులు

దయామణి టీచరు గొంతు బాగుండేది కాదు. ట్రైనింగు స్కూల్లో ఆ సంగతి మొహం మీదే చెప్పారు. ఆమె కూడా పెద్దగా బాధపడలేదు. 1945లో మాచవరం పక్కన ఒక ఊరి బోర్డు స్కూలుకు వేస్తూ, సంగీతం కూడా ఆమే చెప్పాలని ఆర్డరులో రాశారు. ఎందుకు రాశారో ఎవరికీ తెలియదు. ఆ స్కూలుకు హార్మోనియం లేదు, గడియారం లేదు, రెండో గది కూడా లేదు. ఉన్న ఒక్క గదీ ప్రభాకరరావు అనే పెద్దరైతుది.

గది ఆయనది కాబట్టి షరతూ ఆయనదే. ఊరి చివర వాడ నుంచి వచ్చే ఆరుగురు పిల్లలు వరండాలోనే కూర్చోవాలి. సర్కారు రూలేమో అందరినీ లోపలే కూర్చోబెట్టమంటుంది. హెడ్మాస్టరు వీరాంజనేయులు ఎవరినీ నొప్పించని మనిషి. రిజిస్టరులో ఆ ఆరుగురినీ లోపల కూర్చోబెట్టాడు, చాప మాత్రం బయట వేయించాడు.

దయామణి కూడా అలాంటి వాడలోనే పుట్టి మిషను బడిలో చదువుకుంది. ఊరివాళ్లు ఆమెను పాఠం చెప్పనిచ్చేవారు, మంచినీళ్ల కుండ ముట్టనిచ్చేవారు కాదు. కుండ సంగతి ఆమె వదిలేసింది. ఆ ఆరుగురూ గడప దాటి లోపలికి రావాలన్న పట్టు మాత్రం వదల్లేదు. రెండుసార్లు అడిగింది. "మీ పోస్టు ఇంకా టెంపరరీయే గదమ్మా," అని హెడ్మాస్టరు రెండుసార్లూ ఒకే మాట చెప్పాడు.

దాంతో ఆమె అడగడం మానేసి ఒక పాట కట్టింది. లోపలివాళ్లు ప్రశ్న పాడాలి. వరండావాళ్లు జవాబు పాడాలి.

"జొన్నచేలో కలుపు తీసిందెవరో?" అని లోపలి ముప్ఫైమంది.

"మా అమ్మా, మా అక్కా!" అని గోడ అవతలి ఆరుగురు.

జవాబు వచ్చేంతసేపూ లోపలివాళ్లు నోరు మూసుకుని తొడ మీద ఎనిమిది దెబ్బలు వేయాలి. గొంతు కలవనివాడి చేతికి జొన్నగింజలు పోసిన డబ్బా ఇచ్చేది. పాడటానికి సిగ్గుపడేవాళ్లు చప్పట్లు కొట్టేవారు. పాట రాదనే మాట ఆ బళ్లో వినపడకుండా పోయింది. వరండావాళ్లు ఆరుగురే అయినా గోడ దాటాలి కనుక గట్టిగా అరిచేవారు. హెడ్మాస్టరు దాన్ని వ్యవసాయ పాఠం అనుకుని ఊరుకున్నాడు.

మరుసటి ఏడు మాఘమాసంలో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. హెడ్మాస్టరు దయామణిని పిలిచాడు.

"రేపు ఆ ఆరుగురినీ రావొద్దని చెప్పండి. జ్వరమని రాసేస్తా. పాటలో వాళ్ల సగం కూడా లోపలి పిల్లలకే నేర్పండి. మీ పోస్టు ఖాయమయ్యేదీ లేనిదీ ఆయన రాసే మాట మీదే ఉంది."

దయామణికి భయమేసింది. ఇంటి దగ్గర తల్లి ఆమె జీతం మీదే బతుకుతోంది. ఆ సాయంత్రం ఆరుగురినీ మర్నాడు రావొద్దని, అడిగితే జ్వరమనమని చెప్పి పంపేసి, లోపలి పిల్లలకు జవాబులు నేర్పబోయింది. ప్రభాకరరావు కూతురు కృష్ణకుమారి, తొమ్మిదేళ్లది, లేచి నిలబడింది.

"అది మా వాటా కాదుగా టీచరమ్మా? ఎల్లుండి వాళ్లొచ్చి అడిగితే ఏం జెప్పాల?"

రైతుబిడ్డ. ఒకరి వాటాలో ఇంకొకరు చెయ్యి పెట్టరని కళ్లంలో చూసి నేర్చుకుంది. దయామణికి సిగ్గేసింది. పిల్లల్ని ఇళ్లకు పంపేసింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు బండి దిగి, మజ్జిగ తాగి, పాట పాడమన్నాడు. దయామణి ఎత్తుకుంది, పిల్లలు అందుకుని పాడారు. కలుపు తీసిందెవరో అని అడిగి, తొడల మీద ఎనిమిది దెబ్బలు వేశారు. కంకి కోసిందెవరో అని అడిగి, మళ్లీ ఎనిమిది వేశారు. కళ్లం తొక్కించిందెవరో అని అడిగి, మళ్లీ ఎనిమిది. తాళం ఎక్కడా తప్పలేదు.

"ప్రశ్నలే గాని జవాబుల్లేవేం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

హెడ్మాస్టరు నోరు తెరిచేలోపే కృష్ణకుమారి లేచింది.

"జవాబులు వరండాలో ఉంటయ్ సార్."

"వరండాలో ఎవరూ లేరే?"

"ఆరుగురికీ జొరమొచ్చింది సార్. మీరు పోయినాక తగ్గుద్దంట."

దయామణి గోడకు చేరగిలబడింది. ఉద్యోగం పోయిందనుకుంది. పోతే పోయిందిలే అని కూడా అప్పుడే అనుకుంది.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. రిజిస్టరు తెప్పించుకుని పేర్లు లెక్కపెట్టి, వరండాలో చాప వేసే చోటు చూసి వచ్చి, పుస్తకంలో రాశాడు: "పాట ప్రశ్నలతోనే ఆగిపోయినది. రేపటి నుండి జవాబులను గది లోపల కూర్చుండబెట్టవలెను. లేనిచో స్కూలును వేరొక ఊరికి మార్చెదము. సంగీతము టీచరు గొంతు బాగులేదు. కొనసాగించవలెను."

స్కూలు పక్క ఊరికి పోతుందనేసరికి ప్రభాకరరావు రెండు రోజులు గొణిగి ఊరుకున్నాడు. మూడో రోజు ఆరుగురూ గడప దాటి లోపలికొచ్చి కృష్ణకుమారి పక్కన కూర్చున్నారు. పాట మొదలైంది. జవాబు వచ్చేసరికి ఎప్పటిలాగే గోడ అవతలి వాళ్లకు వినపడేలా అరిచారు. లోపలివాళ్లు చెవులు మూసుకున్నారు.

హెడ్మాస్టరు వచ్చి, "పక్కనే ఉన్నారుగా, కాస్త మెల్లగా పాడమనండి," అన్నాడు.

"అట్టాగేనండీ, నేర్పుతా," అంది దయామణి.

వేసవి సెలవుల దాకా నేర్పలేదు.