బాలింత కుంపటి

మిషన్ బంగళా తోటమాలి ప్రేమయ్య ఏ మొక్కను తాకబోయినా ముందు చేతులు పంచెకు తుడుచుకుంటాడు. ఇంగ్లండుకు పోతూ దొరసాని అప్పగించిన జానెడు జపాను చెట్టు చలికి వాడిపోతుంటే, భయపడి కుండీని గుడిసెలోకి తెచ్చాడు. కంబళి చుట్టి, బాలింతకు పెట్టినట్టు పక్కనే కుంపటి పెట్టాడు. ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే కుంపటి. అది మొన్ననే ప్రసవమైన కోడలు కృపమణి మంచం కిందిది. తెల్లారేసరికి ఆ సెగకు చెట్టు ఆకులన్నీ రాలిపోయాయి.

“బిడ్డ సలికి ఏడ్సి ఏడ్సి ఇప్పుడే పండుకున్యాడు. చెట్టుకు బాగుండాదా మామా?” అంది కృపమణి, వణుకుతూనే.

ప్రేమయ్య కుంపటిని మంచం కిందికి జరిపాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. మనవణ్ణి తాకడానికి మాత్రం చేతులు రాలేదు.