మహమూదా పిన్ని కిటికీ

మహమూదా పిన్ని కుట్టిన రవిక తొడగని ఆడది మా వీధిలో లేదు. ఆమె ఎక్కడ కూర్చుని కుడుతోందో అడిగిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు. ఇన్నేళ్ళయినా నాకు ఒళ్ళు మండేది అందుకే.

నరసరావుపేటలో మా ఇంటి వెనక సందులో వాళ్ళ ఇల్లు. భర్త కాలేషా పత్తి మిల్లులో పనిచేసేవాడు. పిన్నిది ఘోషా, గడప దాటితే బురఖా ఉండాల్సిందే. పుట్టింటివాళ్ళు ఇచ్చిన చేతి మిషను ఒకటుండేది. మగ దర్జీకి కొలతలివ్వడం ఇష్టంలేని ఆడవాళ్ళంతా, మా అమ్మతో సహా, గుడ్డ పట్టుకుని ఆమె దగ్గరికే పోయేవాళ్ళు. ఆమె కుట్టే గదికి ఒకటే తలుపు. తీస్తే ఎదురుగా వీధి, కాబట్టి తీయకూడదు. నేలమీద మిషను, దానిమీదికి వంగిపోయి పిన్ని. సాయంత్రానికి నడుం పట్టుకుని, గోడ ఆసరాతో లేచేది. కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. దీపం పెట్టుకుందామంటే యుద్ధం రోజులు, కిరసనాయిలు దొరికేది కాదు.

"ఒక కిటికీ కొట్టించమంటే నీకేందయ్యా కష్టం?" అని పిన్ని మొగుణ్ణి అడిగేది.

"వీధిలోకి కిటికీనా? పోయేవాడూ వచ్చేవాడూ తొంగి చూడాలనా?"

"వెనక గోడకే కొట్టించు. కళ్ళు పోతే కుట్టేదెట్టా?"

"చూద్దాంలే."

ఆ చూద్దాం ఏడాది సాగింది. చివరికి పోరు పడలేక యేసుపాదం మేస్త్రిని పిలిచి వెనక గోడకు కిటికీ పెట్టించాడు. దానికింద నాపరాయి బండను బల్లలాగా నిలబెట్టమంది పిన్ని. మొదట బండ ఎత్తయి భుజాలు లాగాయి, దించమంది. దించితే మళ్ళీ నడుం వంగింది, ఎత్తమంది.

"ఒక్క మాట మీదుండు తల్లీ, చానా బరువు బండ," అని మేస్త్రి విసుక్కున్నాడు.

"రోజంతా కూర్చునేది నేనా, నువ్వా?" అంది తలుపు చాటునుంచి. మోచేతులు ఒరుసుకోకుండా ఆనేదాకా అతన్ని వదల్లేదు.

కాళ్ళు కిందికి పెట్టుకుని, వీపు నిటారుగా, ఎత్తు పీటమీద కూర్చుని పిన్ని కుట్టడం అప్పుడే చూశాను. పాట కూడా పాడుకునేది. ఆ కిటికీ అవతలున్నది కట్టెల అడితి సత్తార్ పెరడు. సత్తార్ భార్య కుల్సుం అందులోంచే గోంగూర పచ్చడి అందించేది, ఇద్దరూ పనిచేసుకుంటూ కబుర్లాడుకునేవాళ్ళు.

వారం తిరక్కుండానే సత్తార్ వచ్చాడు. "కాలేషా, మా ఆడవాళ్ళు తిరిగే పెరట్లోకి నీ ఇంటి కిటికీ ఏంది?" అన్నాడు.

లోపల కూర్చునేది ఆడదే. కాలేషా పొద్దున పోతే చీకటిపడ్డాకే వస్తాడు. కానీ కిటికీ అంటే మగవాడి చూపని వాళ్ళ లెక్క. "నీ ఇష్టం సత్తార్ భాయ్," అనేశాడు కాలేషా. ఇంట్లో అడగాలని అతనికి తోచలేదు, కుల్సుంను అడగాలని సత్తారుకూ తోచలేదు. మర్నాడు ఆ కిటికీకి అడ్డంగా, చూరు దాకా కట్టెలు పేర్చేశారు.

అప్పటికి కోటప్పకొండ తిరునాళ్ళ దగ్గర పడింది. గుట్టలకొద్దీ రవికలొచ్చి పడ్డాయి. బండ ఉంది, పీట ఉంది, వెలుతురే లేదు. కనబడక పిన్ని మళ్ళీ మిషను మీదికి వంగింది. పెద్దమనిషి అలీ సాహెబుకు కబురు పెడితే, "తిరునాళ్ళ పోనీయండి, తీరిగ్గా మాట్లాడదాం," అన్నాడట. తిరునాళ్ళ కోసమే కదయ్యా ఆ బట్టలు! ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

ఒకరోజు మిషను సూది పిన్ని చూపుడువేలి గోరులోంచి దిగింది. గుడ్డపీలిక చుట్టుకుని, బురఖా వేసుకుని, మిషను చంకనెత్తుకుని సందు చుట్టూ తిరిగి కుల్సుం పెరట్లోకి పోయి మంచంమీద కూర్చుంది.

"ఏమే, ఇక్కడ కుట్టుకుంటే నీకు ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది ఆపా, కుట్టుకో," అంది కుల్సుం, నవ్వాపుకుంటూ.

మధ్యాహ్నం సత్తార్ చెమటలు కారుతూ వచ్చి పెరట్లోకి పోబోయాడు. "ఆగు, మహమూదా ఆపా ఉంది. ఘోషా," అని కుల్సుం అడ్డం పడింది. బావి పెరట్లోనే. స్నానాలగది పెరట్లోనే. దగ్గాడు, గొంతు సవరించాడు, వాకిట్లో పచార్లు చేశాడు. పిన్ని లేవలేదు. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. సత్తార్ సొంత పెరట్లో అడుగుపెట్టలేక పక్కింట్లో నీళ్ళు పోసుకోవలసి వచ్చింది.

ఆఖరికి కాలేషా మీద విరుచుకుపడ్డాడు. "నీ పెళ్ళాన్ని నీ ఇంట్లో కూర్చోమను!"

"ఏడ కూర్చోమంటావు భాయ్, చీకట్లోనా?" అన్నాడు కాలేషా. ఆ మాట అతని నోట రావడానికి పెళ్ళాం వేలికి సూది దిగాల్సొచ్చింది.

తిరునాళ్ళ ముగిశాక కట్టెలు తీశారు. అంతా తానే సర్దుబాటు చేశానని అలీ సాహెబ్ చెప్పుకున్నాడు. చెప్పుకోనీ.

కట్టెలు తీసిన పొద్దున నేను అక్కడే ఉన్నాను. బండ నిండా ఎండ పడింది. పిన్ని పీటమీద సర్దుకుని కూర్చుని దారం చివర తడిచేసి సూదిబెజ్జంలో పెట్టబోయింది. తప్పింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టింది, మళ్ళీ తప్పింది. సూదిని ఎండకెత్తి చాలాసేపు చూసింది.

"ఇందులో బెజ్జం ఉందా అసలు?" అని నన్నడిగింది.

ఉందన్నాను. పిన్ని సూదీ దారం కిటికీలోంచి బయటికి చాచింది. అవతల చేటలో బియ్యం ఏరుకుంటున్న కుల్సుం లేచొచ్చి, ఏమీ అడక్కుండా ఎక్కించి ఇచ్చింది.